ఉత్త బండి ఎగురుడు

అవ్వా, నీ కాళ్లకు శనార్తి. సూరత్‌ల అందరం మంచిగనే ఉన్నం.

పోయినసారి మన కొత్త పికప్‌ల స్టేషన్ నుంచి ఇంటిదాక వచ్చేసరికే నీ నడుం పట్టేసింది. ఇగ ఆ బండి ఎక్కనే ఎక్కనన్నవు. మేస్త్రికి చూపిస్తే నవ్విండు. "బరువు మోసే బండి భయ్యా, ఉత్తగ నడిపితె ఎగురుతది" అన్నడు. నేను రోజు బట్ట తాన్లు నింపుకొనే తిరుగుత, నాకేం ఎరుక? నువ్వొస్తున్నవని ఖాళీ చేసి, కడిగి తెచ్చిన. అదే తప్పయింది.

మొన్న సగం బండి తాన్లేసి నీ కోడలు వినోదను దవాఖానకు తీస్కపోయిన. తొవ్వంత నిద్రపోయింది. తొమ్మిదో నెల పడ్డది.

నాయిన దగ్గు తగ్గిందా? బర్రె ఈనిందా? నీ పాత మెత్తటి చీరెలు తే, పుట్టే పసిగుడ్డుకు పరుస్తం.

ఈసారి బండి కడుగ. తాన్లు నింపుకొనే స్టేషన్‌కు వస్త. నువ్వు రా అవ్వా.

నీ కొడుకు
సదానందం