గాజు గిన్నెలో ఆవకాయ అన్నం

1999 మే, ఆదివారం రాత్రి

ఇవాళ అత్తయ్య నా ప్రాణం తీసినంత పని చేశారు.

కంకిపాడు నుంచి మామిడికాయలు తెచ్చారా, ఆవకాయ కలపడానికి స్టీలు బేసిన్ చాల్లేదట. నేను కూరలకని బజారుకెళ్ళొచ్చేసరికి షోకేసులోంచి నా పెద్ద ఆకుపచ్చ గాజు గిన్నె తీసేశారు. వన్ టౌన్ పాత సామాన్ల కొట్ల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగి సంపాదించుకున్న గిన్నెల్లో అన్నిటికన్నా పాతది అదే. అప్పటికే ఆవకాయ జాడీలోకి ఎత్తేసి, అడుగున అంటుకున్న గుజ్జును స్టీలు గరిటెతో గరగరా గీకుతున్నారు. అంతలోనే పొయ్యి మీంచి దించిన అన్నం అందులో కుమ్మరించబోయారు.

"అత్తయ్యా, వేడికి పగిలిపోతుందండీ!" అని అరిచాను.

"ఆవకాయ కలిపిన గిన్నెలో అన్నం కలుపుకోకుండా కడిగేస్తారటే ఎవరైనా? నువ్వు కొనకముందు దీన్లో ఏ తల్లీ కలపలేదంటావా?"

అలా అంటూనే అన్నం పళ్ళెంలో ఆరబోశారు. గోరువెచ్చనయ్యాక గిన్నెలో వేసి, నెయ్యి పోసి కలిపి, నా చేతిలో ముద్ద పెట్టారు. కోపంగానే తిన్నాను. ఇంకోటి అడిగాను కూడా.

కడుగుతుంటే అడుగున కొత్త గీత కనబడింది. పాత గీతలు ఎప్పట్నుంచో ఉన్నాయి. కొన్న రోజు నుంచీ వాటిని వేలితో తడుముతూ, ఇవి ఏ ఇంట్లో, ఎవరి చేతిలో పడ్డాయో అనుకుంటూనే ఉన్నాను.

గరిటె స్టీలు అంటుకుని పడ్డ గీతేగా, రుద్దితే పోయేదేమో. రుద్దలేదు. గిన్నెను మళ్ళీ షోకేసులో పెట్టబుద్ధి కాక వంటగట్టు మీదే బోర్లించాను. ఇన్ని గీతల్లో ఇదొక్కటే ఎవరిదో నాకు తెలుసు.