మనవడికి నేనిచ్చిన చెడ్డ తాళంచెవి

తాళాలు బాగుచేసే నేను, డెబ్బై ఆరేళ్ళవాణ్ణి, తెలివి సరిగ్గా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. నా చదువు మూడో తరగతి. తప్పులుంటే దిద్దకండి. దీన్ని అమలు జరపాల్సింది పక్క కొట్టు టైలరు. వాడికి మొహమాటం లేదు, అందుకే.

1. నేనుండే ఇల్లు పెద్దకోడలికి, ఆమె ఒక్కదానికే, సర్వహక్కులతో. నా కొడుకులు గానీ చెల్లెలు గానీ అడ్డం రాకూడదు. కారణం రాస్తున్నాను. ఆమె కొడుకు రెండో ఏట నడక మరిచాడు, తర్వాత మింగడం మరిచాడు, ఆఖరికి ఊపిరి. ఒంటికి శక్తి పుట్టించే మైటోకాండ్రియా చెడి మెదడుకొచ్చిన జబ్బన్నారు. అది తల్లి నుంచే దిగుతుందని నా చెల్లెలు ఫోనులో చూసి చెప్పింది. నేను ఆస్పత్రి వరండాలో పదిమంది ముందు కోడలితో, "నీ రక్తమే మింగింది వాణ్ణి" అన్నాను. ఆమె పుట్టింటికి పోయింది. పెద్దకొడుకు నోరు మెదపలేదు. వాడికి నా చేతికర్ర. ఆ చప్పుడైనా చేస్తాడు.

2. చెల్లెలికి, డాక్టరమ్మ ఇచ్చిన పరీక్ష కాగితం. తల్లి నుంచే దిగే రకాలు వేరే ఉన్నాయట, ఇది అది కాదట. నా పనిలో చెప్తాను. ఈ తాళానికి ప్రతి మనిషికీ రెండు తాళంచెవులు, తల్లి ఇచ్చిందొకటి, తండ్రి ఇచ్చిందొకటి. ఒకటి బాగున్నా తలుపు తెరుచుకుంటుంది. పిల్లాడికి రెండూ చెడ్డవే వచ్చాయి. ఒకటి కోడలిది, ఒకటి నా కొడుకుది. వాడికెక్కడిదా అని నా రక్తమూ ఇచ్చాను. నాదే. నన్ను సాగనంపిన రోజే టైలరు అందరి ముందూ ఆ కాగితాన్ని పైకి చదవాలి. చెల్లెలు ముందు వరసలో కూర్చోవాలి.

3. కొట్టు, తాళంచెవులు కోసే మిషను చిన్నకొడుక్కి. షరతు ఒకటి. వాడూ, వాడి పెళ్ళామూ పిల్లల్ని కనకముందే ఆ పరీక్ష చేయించుకోవాలి. మగవాళ్ళ వైపు తప్పుండదని తప్పించుకు తిరుగుతున్నాడు. ఒరేయ్, చుక్క రక్తమిస్తే మగతనం కారిపోదు. ఇవ్వనంటే మిషను పాతసామాన్లవాడి తోపుడుబండి ఎక్కించండి.

4. పిల్లాడు పట్టుకు ఆడిన పదకొండు పనికిరాని తాళంచెవుల గుత్తి పెద్దకోడలికి. ఆఖరిరోజు వాడి వేళ్ళలోంచి నేనే విడదీశాను. అందులో పన్నెండోది ఈ ఇంటిది, కొత్తగా కోసింది. రెండుసార్లు ఆమె వీధి మలుపుదాకా పోయి వెనక్కొచ్చాను. తప్పయిందని చెప్పడం నాకు చేతకాదు. తాళంచెవి కోయడం వచ్చు. కోశాను.

తేదీ: ఆగస్టు ఎనిమిది, శుక్రవారం.
సంతకం: తాళాల తాత

సాక్షులు:
నా రక్తం తీసిన నర్సమ్మ
ఎదురు కొట్టు గడియారాల మేస్త్రి