ఈ ఏడు ఉప్పు మూట వద్దన్నయ్యా

అజీజ్‌నగర్,
సోమవారం మధ్యాహ్నం.

పూజ్యులైన అన్నయ్యకి, వదినకి మీ రమణమ్మ నమస్కారాలు. మీరూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మీ బావ కులాసా. తోటలో కుక్కలు రెండూ కులాసా. నా సంగతి మాత్రం ఒక్క మాటలో రాయలేను, అందుకే ఇన్ని కాగితాలు.

పొద్దున ఫోన్లో మాట్లాడాం కదా, మళ్ళీ ఉత్తరమేమిటి అనుకుంటావు. పొద్దున నేను మాట్లాడిందేముంది? నిన్న వదిన, "మీ అన్నకి మడిగట్టు మీద రెండు మూడుసార్లు కళ్ళు తిరిగినయ్ రమణా, తెల్లారి లేస్తే మెడ వెనకాల నొప్పంటున్నాడు. మజ్జిగలో ఉప్పు ఎక్కువేసి ఇస్తన్నాలే, తగ్గుద్ది" అంది. నేను "ఇవ్వు వదినా" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక గాని ఏమన్నానో నాకు తెలిసిరాలేదు. తెల్లారి ధైర్యం చేసి మళ్ళీ ఫోన్ చేసి, అన్నయ్యని ఆస్పత్రికి తీసుకెళ్ళు అంటే, నువ్వు ఫోన్ లాక్కుని నవ్వావు. "ఉప్పు రైతుకి ఉప్పొద్దనే దానివి నువ్వొక్కదానివే అమ్మాయ్. సరే గాని నువ్వు బాగున్నావా?" అన్నావు. నా నోరు దానంతట అదే "బాగున్నా" అనేసింది. నువ్వు పెట్టేశావు.

నేను బాగా లేను అన్నయ్యా. మూణ్ణెల్లుగా బాగా లేను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో నవ్వలేవు కాబట్టి రాస్తున్నాను. చివరిదాకా చదువు.

ఇక్కడ తోటల్లో పనిచేసే వాళ్ళ గదులకి యాదమ్మ అనే ఆశా కార్యకర్త వస్తుంది. ఈ ఊరిదే. మేముంటున్న ఈ ఫాంహౌసు ఒకప్పుడు వాళ్ళ మామ జొన్న చేనట. కార్తీకం వెళ్ళాక ఒకరోజు వచ్చి, నీకేమైనా నొప్పులున్నాయా అని అడిగి, ఏమీ లేవంటే కూడా చేతికి పట్టీ చుట్టి బీపీ మిషన్ పెట్టింది. ఒకసారి చూసింది. నా మొహం చూసింది. "జరసేపు మాట్లాడకుండ కూసో అక్కా, మళ్ల జూస్త" అంది. పైది నూట డెబ్బై రెండు, కిందిది నూట నాలుగు. మర్నాడు వచ్చి మళ్ళీ చూసినా అంతే. ఆటో ఎక్కించి మొయినాబాద్ దవాఖానకి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, మీ పెద్దమ్మాయి ఈడుంటుంది. "నాకేం నొప్పి లేదమ్మా" అన్నాను. "దీనికి నొప్పి ఉండదమ్మా, అదే దీంతో వచ్చిన చిక్కు" అని, పొద్దున్నే వేసుకోమని రోజుకొక మాత్ర రాసింది. ఉప్పు తగ్గించు, పచ్చళ్ళూ అప్పడాలూ ఎండుచేపలూ మానెయ్యి, రోజూ అరగంట నడు, వేళకి నిద్రపో అంది.

నాకు ఆ మాటలేవీ సరిగ్గా ఎక్కలేదు. అమ్మే కళ్ళ ముందు కనపడింది. అమ్మ పడిపోయినప్పుడు అమ్మకి నలభై తొమ్మిది. నాకిప్పుడు నలభై ఎనిమిది.

ఆ రోజు నుంచి పొద్దున్నే లేచీ లేవగానే నేను చేసే పని ఒకటి ఉంది. నవ్వకు. పోపుల డబ్బా తీసి, కుడిచేత్తో ఆవగింజల్ని ఒక్కొక్కటే మూతలోకి ఏరతాను. పది గింజలు. వేళ్ళు పట్టు తప్పకపోతే ఇవాళ్టికి బతికాను అనుకుంటాను. తర్వాత అద్దం ముందు నిలబడి నోరు ఒక పక్కకి పోయిందేమోనని నవ్వి చూసుకుంటాను. ఒకరోజు మీ బావ చూసి, "ఏందే, ఈ వయసులో అద్దంలో ఎవర్ని చూసి నవ్వుతన్నావ్?" అన్నాడు. చెప్పలేక, "నిన్నే చూసి" అన్నాను. ఆ పూటంతా ఆయన హుషారుగా చెట్లకి నీళ్ళు పెట్టుకున్నాడు.

చెప్పినవన్నీ చేశాను. వదిన పంపిన గోంగూర పచ్చడి, మాగాయ పక్క తోట వాళ్ళకి ఇచ్చేశాను. ఎండు నెత్తళ్ళు ఉన్న డబ్బా మూత కూడా తియ్యలేదు, పిల్లికి పెట్టమని మీ బావకి ఇచ్చాను. సాయంత్రం పని అయ్యాక యాదమ్మతో కలిసి ప్రహరీ వెంట నడిచాను. మొదట్లో ఆయాసం వచ్చేది. "పెండ్లి నడక నడుస్తున్నవేంది అక్కా, చిల్కూరు ఆటో ఎల్లిపోతుందనుకొని నడువు" అనేది. ఇప్పుడు ఆ మామిడిచెట్ల చుట్టూ ఆవిడ కంటే నేనే ముందుంటున్నాను. మాత్ర ఒక్క రోజు కూడా తప్పలేదు.

నెల పోయాక మిషన్ పెడితే పైది నూట ఎనభై.

డాక్టరమ్మ, మాత్రలు మానేశావా అని అడిగింది. లేదంటే నమ్మలేదేమో అనిపించింది. ఇంకొన్నాళ్ళు చూసి ఇంకో మాత్ర కలుపుతానంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కుడిచేతి వేళ్ళు ముడిచి తెరిచి చూసుకుంటూ కూర్చున్నాను. ఇన్ని చేసినా ఎక్కుతోందంటే ఇది అమ్మ దారేనని, ఇంక ఎవరూ ఆపలేరని అనుకున్నాను. అన్నయ్యా, అంత భయం నాకు తుఫాను వచ్చి మన ఇంట్లోకి నీళ్ళొచ్చిన రోజున కూడా వెయ్యలేదు.

మర్నాడు యాదమ్మ నేరుగా వంటింట్లోకి వచ్చింది. "నువ్వు వండు, నేను జూస్త. ఎప్పటిలెక్కనే వండు" అని గడప మీద కూర్చుంది. నేను పప్పు దించి, అమ్మ జాడీలోంచి గుప్పెట ఉప్పు తీసి వేశాను.

"గదేంది?" అంది.

"ఇది మా ఊరి ఉప్పు. మా అన్నయ్య పంపిస్తాడు."

"దొడ్డుప్పు. డాక్టరమ్మ ఉప్పు తక్కువ జెయ్యమనలే?"

"ప్యాకెట్ ఉప్పు పూర్తిగా మానేశాను కదా. అదుగో, అటక మీద పెట్టేశాను. ఇది కొట్లో ఉప్పు కాదు యాదమ్మా. మా మడిలో పండింది. ఇది ఏమీ చెయ్యదు."

"ఉప్పు గాకపోతే ఇది చక్కెరనా అక్కా?" అంది.

నాకు కోపం వచ్చింది. నాయన మాట చెప్పాను. ఉప్పు పండించే వాళ్ళని ఉప్పేం చెయ్యదు అనేవాడు కదా. ఆ మాట మీదే మనం పెరిగాం. డాక్టరమ్మ ఉప్పు తగ్గించు అన్నప్పుడు నా చెవికి కొట్లో ఉప్పు తగ్గించు అనే వినపడింది. పైగా మన ఉప్పు ఒంటికి మంచిదని ఆ నెలంతా ఇంకాస్త ఎక్కువే వేశాను. మాత్ర ఒక పక్క దించుతుంటే గుప్పెటతో నేనే ఎక్కించుకున్నాను.

యాదమ్మ వాదించలేదు. ఒక చిన్న గిన్నె తెమ్మంది. అందులో మన ఉప్పే, దంచి, చిన్న చెంచాతో రెండు చెంచాలు పోసింది. "మీ ఇద్దరికి ఇయ్యాల రోజంతకి గిదే. కూరల, చారుల, మజ్జిగల, అన్నిట్ల గిదే. అయిపోతే అయిపోయినట్టే" అంది. చారు, ఒక కూర అయ్యేసరికి గిన్నె అడుగు కనపడింది. అప్పటికింకా తొమ్మిది కొట్టలేదు.

ఆ ఖాళీ గిన్నె చూస్తూ ఆవిడకి ఒక సంగతి చెప్పాను. మీ బావకి చెప్పలేదు, నీకూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

అమ్మ పడిపోయిన రోజు నువ్వు ఉప్పు లారీతో చీరాల వెళ్ళావు. మిట్టమధ్యాహ్నం. అమ్మ గట్టు మీద కూర్చుని, "కళ్ళు తిరుగుతున్నయ్ రమణా, మెడ పట్టేసింది" అంది. నేను పాకలోకి పరిగెత్తి మజ్జిగ కలిపాను. ఎండ దెబ్బని గుప్పెట నిండా ఉప్పు వేశాను. తాగింది. ఇంకో గ్లాసు ఇచ్చాను. అదీ తాగి, ఉప్పు లాగే పలక పట్టుకుని మళ్ళీ మడిలోకి దిగింది. పది అడుగులు వేసిందో లేదో, పలక ఒక పక్క, అమ్మ ఒక పక్క. తర్వాతదంతా నీకు తెలుసు. గాలి సోకిందన్నారు. నాయన పావురం నెత్తురు పూయించాడు. కుడిచెయ్యి లేవలేదు, నోరు తిరగలేదు. పదకొండు నెలలు నోట్లో ముద్ద పెట్టి సాకి, పంపించేశాం. ఆ రెండు గ్లాసుల మజ్జిగ నా చేతి మీదుగా ఇచ్చానని ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది. "రెండు గిలాసల మజ్జిగతోని వచ్చేది గాదక్కా అది. ఎన్నేండ్ల సంది ఎక్కి ఉన్నదో, ఒక్కరన్న మిషన్ పెట్టి జూసిండ్రా? నువ్వు పోరివి, నీకేమెరుక?" అంది. ఆవిడ చెప్పింది నిజమే అయ్యుంటుంది. మనసుకి కొంచెం ఊరట కలిగింది.

కానీ అన్నయ్యా, అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. తెలిసి కూడా నిన్న వదినతో "ఇవ్వు" అన్నాను. అందుకే రాత్రి కన్ను మూతపడలేదు.

ఇప్పుడు నా సంగతి. ఆ గిన్నె లెక్కకి వచ్చి ఆరు వారాలైంది. మొదటి వారం ఏది తిన్నా గడ్డి నమిలినట్టే ఉంది. మీ బావ కంచం ముందు కూర్చుని నిట్టూర్చేవాడు. యాదమ్మ జొన్నరొట్టె చెయ్యడం నేర్పింది, దాన్లో ఉప్పు పడదు. చేవెళ్ళ అంగట్లో ఆకుకూరలు లేతగా దొరుకుతాయి, నిమ్మకాయ పిండి, వెల్లుల్లి దండిగా వేసి తింటున్నాం. ఇప్పుడు అదే అలవాటైంది. ఎంతగా అంటే, మొన్న తోటకి వచ్చిన యజమాని చుట్టాలకి చేపల పులుసు చేసి, రుచి చూసి, సరిపోయిందనుకుని పంపించాను. మేనేజరు గిన్నె వెనక్కి తెచ్చి, "ఉప్పు మరిచిపోయినవమ్మా" అన్నాడు. వంటమనిషికి ఉప్పు తెలియకపోతే ఇంకేం ఉద్యోగం. అప్పట్నుంచి పరాయివాళ్ళకి వండింది మీ బావ రుచి చూస్తాడు. తన పళ్ళెంలోకి రాని ఉప్పంతా అక్కడే దొంగగా తింటున్నాడని నా అనుమానం.

మొన్న గురువారం మిషన్ పెడితే పైది నూట ముప్పై ఎనిమిది, కిందిది ఎనభై ఆరు. రెండో మాత్ర అవసరం పడలేదు. ఉన్న మాత్ర మాత్రం మానొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "మంచిగైందని గోలి బంద్ వెట్టేవు, మళ్ల మొదటికొస్తది" అని యాదమ్మ దారి పొడుగునా చెప్తూనే వచ్చింది. ఆవగింజలు ఏరడం ఇంకా మానలేదు. ఎప్పటికి మానతానో తెలియదు.

ఇంక నీ సంగతి. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నాకు తెలుసు. అయినా చెప్తాను. నీకు కళ్ళు తిరిగింది ఎండకో, బీపీకో మిషన్ పెడితేగాని ఎవరికీ తెలియదు. వదినకి తెలియదు, నాకు తెలియదు, నాయన ఉన్నా తెలిసేది కాదు. ఎండలో చెమటోడ్చే వాడివి, నీ ఒంటికి ఎంత ఉప్పు కావాలో నేను చెప్పను. డాక్టరు చెప్పాలి. నువ్వు అమ్మ తిన్న ఉప్పే తిన్నావు, నేను తిన్నదే తిన్నావు, నాకంటే నాలుగేళ్ళు ఎక్కువ తిన్నావు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకు. ఉత్తరం అందిన మర్నాడు మడికి పోకుండా వదినని వెంటబెట్టుకుని ఆస్పత్రికి పో. ఒక్క రోజు పోతే మడి ఎక్కడికీ పోదు.

ఇంకొకటి. రాయడానికి చెయ్యి రావడం లేదు. నా పెళ్ళైనప్పటి నుంచి ఏటా తొలి ఉప్పు తీసి, కొత్త గోతంలో కుట్టి నాకు పంపుతున్నావు. ఒక్క ఏడు తప్పలేదు. మడులు మునిగిన ఏడు కూడా ఎవరి దగ్గరో కొని పంపావని వదిన చెప్పింది. ఈ ఏడు వద్దన్నయ్యా. పుట్టింటి ఉప్పు కాదన్నదని కోపం తెచ్చుకోకు. జాడీలో ఉన్నదే నాకు ఇంకో ఏడాది వస్తుంది. మూటకి బదులు ఒక చిన్న కాగితం పంపు, దాని మీద మిషన్ చూపించిన రెండు అంకెలు రాసి పంపు. అంకెలు మంచివైనా సరే, కాకపోయినా సరే. పెద్దవైతే బెంగపడకు, నావి దిగాయి కదా, నీవీ దిగుతాయి. ఆ గిన్నె, ఆ చెంచా సంగతి వదినకి నేను ఫోన్లో చెప్తాను.

రేపు యాదమ్మ మొయినాబాద్ పోతుంటే ఇది స్పీడు పోస్టులో వెయ్యమని ఇస్తున్నాను. పిల్లలకి నా ముద్దులు. పక్కింటి పెద్దమ్మకి నమస్కారాలు చెప్పు, ఆవిడకి కూడా ఒకసారి మిషన్ పెట్టించు. నన్నూ మీ బావనీ దీవించండి.

అక్షరాలు ఇలా వంకరగా ఉన్నాయని కంగారుపడకు. ముప్పై ఏళ్ళు గరిటె పట్టిన చెయ్యి, కలం మర్చిపోయింది అంతే. ఇదంతా నా కుడిచేత్తోనే రాశాను.

ఆ అంకెలు ఫోన్లో చెప్పొద్దు. పిల్లల చేత రాయించొద్దు. నీ కుడిచేత్తో నువ్వే రాయి. నీ రాత నేను గుర్తుపడతాను.

నీ చెల్లెలు,
రమణమ్మ