గడప బయట చేసిన ప్రార్థన

24 ఫిబ్రవరి 1968, శనివారం

చర్చి ఊడ్చే ఆవిడ, సింహాచలం కొడుక్కి అమ్మవారు పోసింది. మా ఆయన మశూచి అంటారు. పేరు ఏదైతేనేం, భయం ఒకటే. అప్పన్న... ఆరేళ్ళవాడు. ఆదివారం ఆయన ప్రసంగం మొదలెట్టగానే బల్ల కింద దూరి నిద్రపోతాడు.

ఆయన వెళ్ళి ప్రార్థన చేసి వచ్చారు. పాస్టరు కదా, తప్పదు. ‘ముట్టుకోలేదు కదా?’ అన్నాను. లేదన్నారు. హమ్మయ్య. మా పాప కరుణకి ఎనిమిదో నెల. టీకాలవాడు వచ్చిన రోజు దానికి జ్వరం. మళ్ళీ వస్తానన్నాడు, అంతే సంగతులు.

27, మంగళవారం

అప్పన్న పోయాడు.

28, బుధవారం

సంఘ పెద్ద దావీదు తాత వచ్చి చెప్పాడు. ఆయన ప్రార్థనకి వెళ్ళిన రోజు సింహాచలం లోపలి నుంచి ఏడ్చిందట — “అయ్యగోరూ, లోపటికి రండి. ఆడి నెత్తి మీద ఒక్కసారి సెయ్యెట్టండి.” ఈయన గడప బయటే నిలబడ్డారట. “పెద్ద పార్దనే సేసినారులెండమ్మా” అన్నాడు తాత, మెచ్చుకోలుగా.

ఈ మాట ఆయన నాకు చెప్పలేదు.

3 మార్చి, ఆదివారం

రాయకుండా ఉండలేను.

ఈ రోజు ప్రభువు బల్ల. ఆయన రొట్టె విరిచారు, అందరికీ ఇచ్చారు. తన ముక్క మాత్రం పళ్ళెంలో పెట్టేశారు. మరిచిపోయారనుకున్నాను.

“నేను తీసుకోను” అన్నారు. “పిల్లవాడి దగ్గరికి వెళ్ళాను. ప్రార్థన నా పని కనక చేశాను. వాడంటే ప్రేమ ఉంటే గడప దాటేవాణ్ణి.”

పదకొండేళ్ళ సేవ — అందరి ముందూ అలా కింద పెట్టేస్తారా ఎవరైనా? వెనక బల్ల మీద సింహాచలం తల ఎత్తలేదు.

4, సోమవారం

తాత తెల్లారకుండానే దిగాడు. “పాస్టరుగోరికి మతి గాని సలించిందేటమ్మా? అంతసేపు పార్దన సేసినారు గదా, ఇంకేటి కావాలట?”

నేనూ అదే అడిగాను. అన్నం ముందు కూర్చున్న మనిషిని పట్టుకుని — ప్రేమ లేకపోతే పని జరగదా? బడిలో నేను ఒక్కొక్కణ్ణీ ప్రేమించే ఎక్కాలు చెబుతున్నానా?

‘వాళ్ళకి ఎక్కాలైనా వస్తాయి. అప్పన్నకి ఏం వచ్చింది?’

కూర గిన్నె ఆయన ముందు ఠక్కున పెట్టి లేచొచ్చేశాను.

7, గురువారం

సింహాచలం పడిపోయింది. ఒళ్ళంతా పొక్కులు. పక్కింటివాళ్ళు కూడా తొంగి చూడడం లేదు.

ఆయన చాప చుట్టారు, కుండ పట్టుకున్నారు. మెట్ల మీద అడ్డంగా నిలబడ్డాను. మీకు టీకా ఉంది, మరి దీనికి? కరుణంటే ప్రేమ లేదా మీకు?

‘ఉంది. అందుకే మళ్ళీ ఇంట్లోకి రాను.’

వెళ్ళిపోయారు. చెప్పులు కూడా వేసుకోలేదు.

9, శనివారం

తాత దూరం నుంచి చూసి వచ్చాడు. “సొయంగా గంజి కాసి తాగిస్తన్నారమ్మా. సేత్తో ఈగల్ని తోల్తన్నారు.”

మా ఇంట్లో గ్లాసెడు నీళ్ళు ముంచుకున్న పాపాన పోని మనిషి! నవ్వొచ్చింది. తర్వాత ఏడుపు. తర్వాత, నిజం చెప్పాలంటే, కోపం. నాకు పురిటి జ్వరం వచ్చినప్పుడు ఎవరు కాశారు గంజి?

10, ఆదివారం

ప్రసంగం లేదు. చర్చి ఎవరూ ఊడ్వలేదు. నేను ఊడ్చాను.

11, సోమవారం

పొద్దున్నే వాకిట్లో ఆయన. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి. లోపలికి రారు. బియ్యం కావాలన్నారు.

సింహాచలం కళ్ళు తెరిచిందట. గంజి తాగి, చాలాసేపు ఈయన్నే చూసి అందట — “ఆడి దగ్గిరికీ ఇలాగే వొచ్చుంటే బాగుణ్ణు, అయ్యగోరూ.”

అంతే అందట. తిట్టినా బాగుండేది. చెబుతూ ఆయన నేల చూశారు. పదకొండేళ్ళలో ఆ ముఖం అలా చూడలేదు.

బియ్యం గిన్నె గడప మీద పెట్టి వెనక్కి జరిగాను. పెట్టాక తెలిసింది నేనెక్కడ నిలబడ్డానో. ఆయనా చూశారు.

గిన్నె తీసుకుని, వెళ్ళబోతూ — ‘ఆమెకి ఒళ్ళు తుడవాలి. బట్ట మార్చాలి. ఆడమనిషి ఎవరూ రావడం లేదు.’

నా చేతి మీద టీకా మచ్చ ఉంది, అణా కాసంత. ఒళ్ళో కరుణ పాలు తాగుతోంది.

రమ్మని అడిగితే రానని చెప్పేదాన్ని.

అడగలేదు.