వాళ్ళ టీ

యలమందయ్య బాబాయ్‌కి,

యూనియన్ కార్యదర్శి పని నాకు అప్పగించిన రోజే "మాట తేలేదాకా వాళ్ళ టీ ముట్టకమ్మా" అని చెప్పావు. నిన్న మున్సిపాలిటీలో చర్చలకు పిలిచారు. మిరపకాయల గోడౌన్ల వీధి ఊడ్చి నేరుగా వెళ్ళానేమో, దగ్గు ఆగలేదు. "ముందు టీ తాగమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు ఆఫీసరు. తాగాను. ఎవరో ఫొటో తీశారు. వేరే మీటింగుందని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

పొద్దున గేటుకి ఆ ఫొటోతో నోటీసు అంటించారు. చర్చలు సఫలమయ్యాయట. ఇకమీదట యూనియన్‌తో మాటల్లేవట, సెలవైనా గ్లౌజులైనా ఎవరి అర్జీ వాళ్ళే పెట్టుకోవాలట. అందుకు నేను ఒప్పుకున్నానట!

అది చదివి, "లోపల ఏం మాట్లాడొచ్చావే?" అని మనవాళ్ళు నిలదీస్తున్నారు. ఏం చెప్పను బాబాయ్? ఆ గదిలో నేను నోరు తెరిచింది టీ తాగడానికే.