ఎల్లక్క బావి మీద నీలం రంగు

మల్లారం, లక్సెట్టిపేట దగ్గర
జూన్ 1996

ప్రియమైన తమ్ముడు బాలకిషన్‌కు,

ఎల్లక్క చెలకను, ఆమెకున్న ఆ ఒక్క మెట్టభూమిని, దొంగిలించింది నువ్వే. నువ్వూ, పట్నంలో చల్లటి గదిలో కూర్చుని మీటలు నొక్కి రంగులు నింపే నీ దోస్తులూ. కాదంటే కాదని రాయి, చదువుతాను.

మండల ఆఫీసు గోడకు మీ కంప్యూటర్ మ్యాపు వచ్చింది. అందులో ఎల్లక్క చెలక ఎర్రగా ఉంది. ఎరుపంటే పాడుభూమి అట. సర్కారు పట్టా ఇచ్చిన భూమి పాడుబడితే వెనక్కి తీసుకుని నీలగిరి చెట్లు పెడతారట. ఏం న్యాయంరా ఇది?

నిరుడు కోస్తా నుంచి వచ్చిన సర్వే సారు "ఇదేం భూమమ్మా?" అని అడిగాడు. "పడావు సారూ" అన్నది ఎల్లక్క. పంట వేయకుండా భూమిని ఆరబెట్టడం పడావని మన దగ్గర ఎవరినడిగినా చెబుతారు. ఆయన చెవికి అది "పాడు" అని వినబడింది. అదే రాసుకుపోయాడు.

మొన్న గుంతలు తవ్వడానికి కూలీలు వచ్చారు. ఎల్లక్క ఒక గుంతలో దిగి కూర్చున్నది. "నన్ను గూడ నాటున్రి. రోజూ నీళ్లు మాత్రం మీరే వొయ్యాలె" అన్నది. వాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

జవాబు రాయి.

నీ అక్క,
తార

---

హైదరాబాద్
జులై 1996

ప్రియమైన తారక్కకు,

తిట్లన్నీ అందాయి. ఒక్కటి కూడా దారిలో పోలేదు.

ఆ రంగు నేను నింపిందే. అబద్ధం చెప్పను. కానీ ఉపగ్రహం పైనుంచి తీసిన ఫొటో ఎండాకాలం నాటిది. అప్పుడు పడావు పెట్టిన చెలకా, చచ్చిన నేలా ఒకే తీరుగా కనబడతాయి. అందుకే కింద అడిగి రమ్మని మనిషిని పంపుతాం. ఆ మనిషి పాడు అని తెస్తే నేనేం చేయాలి? మా జాబితాలో పడావు అనే మాటే లేదు.

సరిదిద్దవచ్చు. ఊళ్లో ఎవరి బావిలో ఎంత లోతున నీళ్లున్నాయో, ఏ బావి ఎండాకాలం కూడా నిలుస్తుందో రాసి పంపు. కింద నీళ్లున్నాయని చూపిస్తే భూమి బతికే ఉన్నదని మా సారును ఒప్పిస్తాను. ఎట్లాగూ నీళ్ల మ్యాపు కూడా మేమే చేస్తున్నాం. జర ఓపిక పట్టు. పరేషాన్ కాకు.

నీ తమ్ముడు,
బాలకిషన్

---

మల్లారం
ఆగస్టు 1996

తమ్ముడూ,

నువ్వడిగినవన్నీ ఇందులో ఉన్నాయి. తాడుకు రాయి కట్టి, బావి బావిలో దింపి కొలుస్తూ ఊరంతా తిరిగాం. మా వెనక పెండ్లి ఊరేగింపు తీరుగా జనం. బుచ్చిరాములు తన బావిలో నీళ్లు ఎక్కువ చెప్పబోతే దేవవ్వ, "నీ ఇంట్ల నీళ్లు లేక మా ఇంటికి బిందె తెస్తవు గదరా, గీడ గొప్పలేంది?" అని పరువు తీసింది.

ఎల్లక్క మాత్రం నా పక్కనే కూర్చుని రాయించింది. "రాయి తారవ్వా. మా బాయి ఎన్నడు ఎండలే అని రాయి. పెద్దగ రాయి, పట్నంల కనవడాలె."

పెద్దగానే రాశాను. ఇక నీ వంతు.

తార

---

హైదరాబాద్
నవంబరు 1996

ప్రియమైన అక్కకు,

గెలిచాం. ఎరుపు తీసేశాను. సారు సంతకం పెట్టాడు. గుంతలు పూడ్చమని ఉత్తర్వు వస్తుంది.

ఇంకో మాట. నీళ్ల మ్యాపులో మీ ఊరికి ముదురు నీలం పడింది, అంటే కింద నీళ్లు దండిగా ఉన్నట్టు. ఎల్లక్క బావి చుట్టూ మరీ ముదురు. ఇంత నిక్కచ్చి వివరాలు ఇంకే ఊరి నుంచీ రాలేదని సారు మెచ్చుకున్నాడు. ఒక ప్రతి మండల ఆఫీసుకు పంపాం. ఇప్పుడైనా నన్ను దొంగ అనవు గదా?

నీ తమ్ముడు,
బాలకిషన్

---

మల్లారం
మే 1997

బాలకిషన్,

ఆరు నెలలుగా నేను రాయలేదు. కోపంతో కాదు. మొదలుపెట్టిన ఉత్తరాలన్నీ చింపేశాను.

గుంతలు పూడ్చారు. ఎల్లక్క పెసర్లు చల్లింది. సంక్రాంతి దాటాక మన చిన్నాయన లక్ష్మీకాంతరావు ఆమె పక్క చెలక కొన్నాడు. రాళ్ల నేల ఎందుకు కొన్నాడా అని ఊరంతా నవ్వింది. తరువాత రిగ్గు బండి వచ్చింది. ఎల్లక్క బావికి కూతవేటు దూరంలో వరసగా బోర్లు వేశాడు. పసుపు తోట పెడతాడట.

అడగడానికి పోయాను. నీ నీలం మ్యాపు ఆయన టేబుల్ మీద పరిచి ఉంది. మూలలకు చాయ్ కప్పులు బరువు పెట్టాడు. ఊరి వాళ్లు పోయి అదే మ్యాపు అడిగితే మండల ఆఫీసులో బయటికి ఇవ్వని కాగితమన్నారు. ఆయన చేతికి ఎట్లా వచ్చిందో అడగలేదు.

"రా బిడ్డా, గూసో. నీ తమ్ముడు గీసిందే గద! ఎక్కడ పొడిస్తే అక్కడ నీళ్లు వడ్డయి. మనోడు ఇన్నేండ్లకు మన ఇంటికి పనికొచ్చిండు."

"ఎల్లక్క బావి ఎండింది చిన్నాయనా."

"బాయిల కాలం పోయిందమ్మా. ఆమెను గూడ బోరు ఏసుకోమను, నేనొద్దన్ననా?"

వచ్చేశాను. గొంతు పెంచలేదు. సంఘం మీటింగుల్లో మైకు అక్కర్లేని మనిషిని నేను.

ఎల్లక్క శ్రీరాంపూర్ పోయింది, బొగ్గుబాయిలో పనిచేసే అల్లుడి క్వార్టర్‌కు. పోయేముందు బావిలోకి చూద్దాం రమ్మన్నది. చూశాం. అడుగున బురద, ఒక పాత చెప్పు. "గిది ఎవలదో" అన్నది. అంతే. ఏడుస్తుందనుకున్నాను. నాకూ ఏడుపు రాలేదు.

నీ తప్పేమీ లేదని నువ్వు రాస్తావు. మ్యాపు నిజం చెప్పిందని రాస్తావు. చెప్పింది. ఎరుపున్నప్పుడు భూమి పోయేది, నీలమయ్యాక నీళ్లు పోయాయి. రంగు తప్పయినా ఒప్పయినా అది ఎవరి టేబుల్ మీద ఉంటే వాళ్లదే లాభం. మేము తాడు పట్టుకుని తిరిగి మా నీళ్ల జాడ మా చేతులతోనే అప్పజెప్పాం. జవాబు అక్కర్లేదు. కింద ఉన్నవి మీ సారు ముందు పెట్టు. ఊరు కూర్చుని ఒప్పుకున్నవి ఇవి.

నీ అక్క,
తారాబాయి

మా డిమాండ్లు:

ఒకటి. ఏ ఊరి మ్యాపు ఆ ఊరి పంచాయతీ గోడ మీద, తెలుగులో ఉండాలి.

రెండు. ఊరు చూసి ఒప్పుకున్నాకే ఆఫీసు సంతకం పెట్టాలి.

మూడు. ఊరు చెప్పిన వివరం ఊరిని అడగకుండా ఎవరికీ ఇవ్వొద్దు.

నాలుగు. తాగే నీళ్ల బావి, పొలం పారే బావి పక్కన కొత్త బోరుకు అనుమతి ఇవ్వొద్దు.

ఐదు. లక్ష్మీకాంతరావు బోర్లు మూయాలి.

ఆరు. బావిలో మళ్లీ నీళ్లు ఊరేదాకా ఎల్లక్క చెలకకు సర్కారే నీళ్లివ్వాలి.