అత్తయ్య మూసిన కిటికీ

ఒర్తెన్సియా అత్తయ్యా,

ఎంత కొట్టినా తలుపు తీయవు కాబట్టి ఈ కాగితం తలుపు సందులోంచి తోస్తున్నాను.

మన ఆరుబయటి ఒపేరా వేదిక సరిగ్గా నీ కిటికీ కిందే ఉంది. పాట మధ్యలో "ఒరేయ్, శ్రుతి తప్పావురా!" అని పైనుంచి అరవొద్దన్నాను, నిజమే. అంతమాత్రానికే అలిగి కిటికీలన్నీ బిగించేసుకుంటావా? పండు వేసవిలో కిటికీలు మూశారంటే ఆ ఇంట్లో ఎవరో పోయారనే కదా మన ఊరివాళ్ళు అనుకునేది!

నిన్న సాయంత్రం జనమంతా నీ కిటికీ చూసి టోపీలు తీసేశారు. మన గాయకుడు రెనాటో ప్రాణం పెట్టి పాడాడు. నీ మీద గౌరవంతో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. "ఇంత ఘోరంగా పాడానా?" అని పాపం, నేపుల్స్ రైలుకు పెట్టె సర్దుకుంటున్నాడు. అతను వెళ్ళిపోతే ఈ వేసవి ఆటలకు మంగళం పాడాల్సిందే. చప్పట్లు ఆగింది నువ్వు పోయావనుకునేనని చెప్తే, చావింటి ముందు ఇక పాడనంటున్నాడు. నువ్వు నిక్షేపంలా ఉన్నావని ఎంత చెప్పినా నమ్మడే!

"ఆవిడ బతికుంటే నన్ను తిట్టకుండా ఉంటుందా?" అంటాడు.

నీ కాళ్ళు పట్టుకుంటాను అత్తయ్యా. ఈ సాయంత్రం కిటికీ బార్లా తెరువు. మొదటి పాటకే అతన్ని ఊరంతా వినేలా తిట్టు.

బాగా పాడినా సరే.

నీ మేనల్లుడు